పిల్లల తోట పంట: స్టాండ్ మేలా, బాక్సులు మేలా, రెస్టారెంట్ ఆర్డర్లు మేలా?

జూన్ చివరికి పంట మీద పడుతుంది. ఆకుకూరలు ఆగవు, బీన్స్ రెండు రోజులు కోయకపోతే ముదిరిపోతాయి. అమెరికా నగరాల్లో టీనేజ్ పిల్లలకు జీతమిచ్చి తోట పని నేర్పే సంస్థలకు అప్పుడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. పేటలోనే స్టాండ్ పెట్టి పిల్లల చేతే అమ్మించాలా? ముందే డబ్బు కట్టిన కుటుంబాలకు వారం వారం బాక్సులు పంపాలా? లేక రెస్టారెంట్లకు హోల్‌సేల్‌గా ఇచ్చేయాలా?

ఇలాంటి తోటలు కొత్తవి కావు. బోస్టన్ దగ్గర ఫుడ్ ప్రాజెక్ట్ 1991లో మొదలైంది. బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్‌లో వాడకం లేని ఆటస్థలం తారు నేల మీద మట్టి పోసి 2.75 ఎకరాల తోట చేశారు. న్యూ ఆర్లీన్స్‌లో గ్రో డాట్ 2011 నుంచి నడుస్తోంది. చేతిలో పని లేని పిల్లలకు మొదటి ఉద్యోగం ఇవ్వాలి, మంచి కూరగాయలు దొరకని పేటకు కూరగాయలు అందాలి. ఈ రెండూ కలిసి జరగాలన్నదే వీటి ఆశ. నేను రెండు వేసవులు అలాంటి ఒక తోటలో వాలంటీర్‌గా ఉన్నాను. మూడు పద్ధతులూ అక్కడే చూశాను.

బాక్సుల సంగతి త్వరగా చెప్పేస్తాను. డబ్బు ముందే చేతికొస్తుంది, పంట మిగిలిపోతుందన్న టెన్షన్ ఉండదు. కానీ సీజన్ మొత్తానికి ఒకేసారి కట్టగలిగేది ఎవరు? ప్రభుత్వ ఆహార సాయం అయిన స్నాప్ కార్డుతో బాక్సుకు కట్టాలంటే, సరుకు ఇవ్వడానికి 14 రోజుల కంటే ముందు డబ్బు తీసుకోకూడదని నిబంధన. దాంతో బాక్సులు చాలావరకు పక్కనున్న కలిగినవాళ్ల పేటలకే వెళ్లిపోతాయి. పిల్లలకు మిగిలేది లెక్కపెట్టి సర్దడం.

రెస్టారెంట్ ఆర్డర్‌ను మాత్రం నేను తక్కువ చేయను. పొద్దున ఎనిమిదింటికల్లా ఇరవై పౌండ్ల లెట్యూస్ కావాలంటే కావాల్సిందే. ఆకులన్నీ ఒకే సైజు ఉండాలి, మట్టి రేణువు కనపడకూడదు. టైముకు రావడం, చేతివేగం, శుభ్రత ఇక్కడ అబ్బినంతగా ఇంకెక్కడా అబ్బవు. ఒకరోజు మా పిల్లలు కోసిన లెట్యూస్‌ను చల్లనీళ్లలో ముంచకుండానే వ్యాన్ ఎక్కించారు. సరుకంతా వాడిపోయి వెనక్కొచ్చింది. ఆ తర్వాత ఆ తప్పు మళ్లీ జరగలేదు.

అయితే ఆ రోజు ఫోన్ ఎత్తిందెవరు? మేనేజర్. క్షమాపణ చెప్పింది, బిల్లు మార్చి పంపింది, మర్నాటికి సగం ఆర్డర్‌కు ఒప్పించింది అన్నీ ఆయనే. పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఆయన ముఖం చూశారు, అంతే. ఉద్యోగంలో కష్టమైన సగం పెద్దవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

స్టాండ్ దగ్గర అలా తప్పించుకోవడం కుదరదు. ఒక శనివారం, లైన్ బాగా ఉన్న సమయంలో, ఒక పెద్దావిడ కొలార్డ్ ఆకు కట్టలు రెండు, ముప్పావు పౌండు బీన్స్ తీసుకుని స్నాప్ కార్డు ఇచ్చింది. గల్లా దగ్గర పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. మెషిన్ కార్డు తీసుకోలేదు. ఆ అమ్మాయి స్క్రీన్‌ను వెనకవాళ్లకు కనపడకుండా తన వైపు తిప్పుకుని, గొంతు తగ్గించి, "సిగ్నల్ సరిగ్గా లేదండీ, ఇంకోసారి చూద్దాం" అంది. ఈలోపు తూకం దగ్గరున్న అబ్బాయిని పిలిచి వెనకున్న ఇద్దరినీ చూడమంది. మూడోసారి పని చేసింది. పెద్దావిడ వెళ్లాక గాని ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదలలేదు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. మే నెలలో ఇదే అమ్మాయి కొన్నవాళ్ల ముఖంలోకి చూడలేక చిల్లర బల్ల మీద పెట్టేది.

ఇంత మార్పుకు కారణం స్టాండ్ ఒక్కటే కాదు, దాన్ని నడిపిన తీరు కూడా. తూకం, గల్లా, పలకరింపు, మిగిలిన సరుకు రాసుకోవడం వారం వారం చేతులు మారేవి. సాయంత్రం లెక్క తేడా వస్తే పిల్లలే వెతికేవాళ్లు. ఫుడ్ ప్రాజెక్ట్‌లో 'స్ట్రెయిట్ టాక్' అని ఒక అలవాటు ఉంది. ఎవరు ఏం బాగా చేశారో, ఏం మార్చుకోవాలో పిల్లలకు ముఖాముఖి చెప్తారు, పిల్లలూ పెద్దలకు చెప్తారు. స్టాండ్ ముగిశాక అలాంటి పది నిమిషాలు లేకపోతే ఆ రోజు నేర్చుకున్నదాంట్లో సగం జారిపోతుంది. గల్లా పెట్టె పెద్దవాళ్ల చేతిలోనే ఉంచుకుని, పిల్లలను టీషర్టులతో ముందు నిలబెట్టే స్టాండ్లూ చూశాను. వాటికంటే రెస్టారెంట్ ఆర్డరే నయం.

స్టాండ్‌కు ఖర్చులూ ఉన్నాయి. బరువు లెక్కన అమ్మాలంటే వ్యాపారానికి ఆమోదం పొందిన తూకం మెషిన్ కావాలి. వాన పడితే ఆ రోజు పోయినట్టే. మధ్యాహ్నానికి ఆకుకూర వడలిపోతుంది, ఎన్నిసార్లు నీళ్లు చల్లినా. డబ్బు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు కూడా. మిల్వాకీలో విల్ అలెన్ 1993లో మొదలుపెట్టిన గ్రోయింగ్ పవర్ అనే నగర తోటల సంస్థ దేశమంతా పేరు తెచ్చుకుంది, ఆయనకు 2008లో 'జీనియస్ గ్రాంట్' అని పిలిచే మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. అంతటి సంస్థా అప్పులతో 2017లో మూతపడింది. అందుకే హోల్‌సేల్‌ను పూర్తిగా వదిలేయమని నేననను. వారంలో ఒక రోజు పెట్టుకోండి, ఆ రోజు ఫోన్ కూడా ఒక పిల్లాడి చేతికే ఇవ్వండి. పిల్లల జీతాల భారం మాత్రం స్టాండ్ అమ్మకాల మీద వేయకండి. అది గ్రాంట్లు, విరాళాలు మోయాల్సిన బరువు.

సెప్టెంబర్‌లో బడులు తెరిచాక ఎలాగూ ఏదో ఒకటి తగ్గించాల్సిందే. అమ్మకం లాంటి పనుల్లో 14, 15 ఏళ్లవాళ్లు బడి ఉన్న రోజున 3 గంటలు, బడి నడిచే వారంలో మొత్తం 18 గంటలకు మించి పనిచేయకూడదని ఫెడరల్ చట్టం. కొన్ని రాష్ట్రాల్లో ఇంకా గట్టి నియమాలున్నాయి. నా మాటైతే ముందు బాక్సులు ఆపాలి, తర్వాత హోల్‌సేల్. శనివారం స్టాండ్‌ను మాత్రం తోటలో చివరి కట్ట కోసేదాకా ఉంచాలి.