పూడ్చబోయే తడి చెత్త: పచ్చిగానా, సగం చివికాకా, పూర్తిగా చివికాకా? ఏది మేలు?

పొలానికి కంపోస్టు చేసేవాళ్లు నైట్రోజన్ పోతోందంటే టెన్షన్ పడతారు. ఎలాగూ ల్యాండ్‌ఫిల్‌లో పూడ్చేసే ఇంటి చెత్తకి ఆ బెంగ అక్కర్లేదు, పోతే పోనీ. చూడాల్సిందల్లా మిగిలింది ఏ రూపంలో ఉందనేదే.

పచ్చిగా పూడిస్తే పని తక్కువ, అంతే. లోపల గాలి ఆడదు, అందుకే ప్రొటీన్లు విరిగి పుట్టిన అమ్మోనియం (నీళ్లలో కరిగే ఒక నైట్రోజన్ రూపం) ఆక్సిజన్‌తో కలిసిన ఇంకో రూపమైన నైట్రేటుగా మారలేక అడుగున కారే నల్లటి నీళ్లలో చేరుతుంది, లీటరుకి వందల నుంచి వేల మిల్లీగ్రాముల దాకా, అదీ గొయ్యి మూసేసిన దశాబ్దాల తర్వాత కూడా. మీథేన్ సంగతి సరేసరి.

రెండు మూడు వారాలు కుప్ప పోసి, అది కాస్త కుంగగానే ఎత్తి పంపేయడం ఇంకో దారి. పచ్చిదానికన్నా నయమే గానీ నాకు నచ్చదు. అప్పటికి కుప్ప 55 నుంచి 65 డిగ్రీల మీద ఉడుకుతుంటుంది, పీహెచ్ 8 దాటి, అంటే క్షారంగా ఉంటుంది, పార దించి ఓసారి తిరగేస్తే ఆవిరితో పాటు ఘాటు కళ్లలో కొడుతుంది చూడండి, అదే అమ్మోనియా. నైట్రేటు చేసే బ్యాక్టీరియా 40 డిగ్రీలు దాటితే సరిగా పనిచేయదు. అంటే అమ్మోనియం బాగా పెరిగి ఉన్న సమయంలోనే తీసుకెళ్లి గోతిలో పోస్తున్నామన్నమాట!

నా ఓటు మూడోదానికే, మూడు నాలుగు నెలలు పట్టినా సరే. కుప్ప చల్లబడ్డాక ఘాటు పోయి తడిమట్టి వాసన వస్తుంది, అమ్మోనియం తగ్గి నైట్రేటు కనిపిస్తుంది, మిగతా నైట్రోజన్ చాలావరకు హ్యూమస్‌లో (బాగా చివికాక మిగిలే నల్లటి పదార్థంలో) బిగుసుకుని మెల్లగా తప్ప బయటికి రాదు. ఆ నైట్రేటు గోతిలో గాలి అందని చోట ఎక్కువగా నైట్రోజన్ వాయువైపోతుంది, మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్నది అదే కదా. ఒక్క చిక్కుంది. కుప్పని ముద్దగా తడిపి వదిలేస్తే నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 270 రెట్లు వేడి పెంచుతుంది.

వంటింటి చెత్తలో ఒక పాలు నైట్రోజన్‌కి కార్బన్ సుమారు 15 పాళ్లే, కంపోస్టుకి 25-30 ఉంటే బాగుంటుంది. పారేసేదానికి మళ్లీ ఎండుటాకులు కలపడమేంటి, బరువు పెరగడం తప్ప అనిపిస్తుంది, నిజమే. చెక్క ముక్కలు కలపండి, చివరికి జల్లెడ పట్టి తర్వాతి కుప్పకి వాడుకోవచ్చు.

అన్ని నెలలు ఆగే చోటు లేకపోతే కనీసం ఇదొక్కటి చూడండి: తడి సరిపడా ఉన్న కుప్ప, తిరగేసినా మళ్లీ వేడెక్కడం మానేసేదాకా గోతికి పంపొద్దు.