చార్మినార్ రూపాయి కొనేవాళ్ళు ఆగండి: కొక్కెం కోసేసిన నాణేనికి రంగు వేసి "ఒరిజినల్ టోనింగ్" అంటున్నారు

పార్సిల్ ఈ పొద్దున్నే వచ్చింది. తూకం వేసి, లెన్స్ కింద పెట్టి చూసి, ఆ కోపంలోనే రాస్తున్నాను. అమ్మినవాడి పేరు రాయను. నాణెం మాత్రం ఇది: హైదరాబాద్ ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి, చార్మినార్ ద్వారంలో ఐన్ అనే అరబిక్ అక్షరం, హిజ్రీ 1334. "ఎయు, ఫుల్ లస్టర్, ఒరిజినల్ టోనింగ్, ఎవరూ ముట్టుకోని సర్ఫేస్" అని పెట్టాడు. ఎయు అంటే దాదాపు వాడని నాణెం, లస్టర్ అంటే ముద్ర వేసినప్పటి మెరుపు, టోనింగ్ అంటే ఏళ్ళ మీద వెండికి దానంతటదే వచ్చే రంగు. అతను రాసినవాటిలో ఒక్క మాట కూడా నిజం కాదు.

అట్ట హోల్డర్‌లో పెట్టి, నాలుగు పక్కలా పిన్నులు కొట్టి పంపాడు. మీద స్టిక్కర్: "అట్ట తెరిస్తే రిటర్న్ లేదు." నాణెం అంచు కనపడాలంటే అట్ట తెరవాల్సిందే. తెరిచాను. చార్మినార్‌ను నిటారుగా పట్టుకుంటే సరిగ్గా పైన, అంచు మీది పళ్ళు మూడు మిల్లీమీటర్ల మేర లేవు. ఆకురాయితో రాసిన అడ్డగీతలు, వాటి మధ్య కొంచెం పసుపు తిరిగిన టంకం మరక ఉన్నాయి. ఎవరి మెడలోనో దండకు వేలాడిన రూపాయి ఇది. కొక్కెం తీసేసి, జాడ చెరిపేసి, ఆ పైన రంగు పూశారు.

ఫోన్ చేశాను. "తమ్ముడూ, వంద ఏండ్ల వెండి మీద గీతలుంటయ్. నీకు చూసుడు రాకపోతే నేనేం చేయాలె. అట్ట తెరిచినవ్, అయిపోయింది" అని పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్. డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఆ మాట ఇంకొకటి. ఇంతకంటే కడుపు మండే సంగతి ఆ తర్వాత బయటపడింది. రెండు నెలల కిందటి అతని పాత పోస్టులు వెతికితే ఇదే రూపాయి దొరికింది. ఎడమ మీనార్ పక్కన అంచు మీద చిన్న నొక్కు, దాని కింద కొడవలి ఆకారంలో గీత, రెండూ అక్కడే ఉన్నాయి. ఆ ఫోటోలో నాణెం తెల్లగా ఉంది. ఒక్క రంగు మచ్చ లేదు. అంటే ఈ నీలం, ఈ ఊదా అన్నీ ఈ అరవై రోజుల్లో పుట్టినవే.

తప్పు నాది కూడా. అంచు ఫోటో అడగకుండా డబ్బు పంపాను. అది ఎప్పుడూ చేయకూడని పని.

లోహం సంగతికొస్తే, అందులో మోసం లేదు. చార్మినార్ రూపాయి ప్రమాణ బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయిలా 11.66 గ్రాములు, 91.7 శాతం కాదు. ఈ రెండు లెక్కలు కలిపేసుకుని మంచి నాణేన్ని నకిలీ అనుకునేవాళ్ళూ ఉన్నారు. లోహం తేల్చుకోవడానికి 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో వేలాడదీసి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా పూర్తిగా ముంచండి. దారానికి గాలి బుడగలు అంటుకోకుండా చూసుకోవాలి. 1.10 గ్రాముల దగ్గర చూపిస్తే ఈ వెండే. రాగి నికెల్ ముక్క అదే బరువులో 1.25 దాకా చూపిస్తుంది. నాకు వచ్చింది 1.10. బరువు 11.09. టంకం మిగిలిపోతే అరుగుదల కొంత పూడి, బరువు సరిపోయినట్టే కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. మోసం లోహంలో లేదు, చర్మంలో ఉంది.

ఆ చర్మాన్ని చూడటానికి ట్యూబులైటు పనికిరాదు. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి, ఒకే ఒక్క బల్బు కింద నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పాలి. ముద్ర పడేటప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారిన సన్నటి గీతల మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరగాలి. అదే అసలు లస్టర్. తోమిన నాణెం మీద వెలుగు తిరగదు. అంతా ఒకేసారి మెరిసి, ఒకేసారి ఆరిపోతుంది. చింతపండు, విభూతి, టూత్‌పేస్టు, ఏది రుద్దినా జుట్టు మందంలో గీతలు పడతాయి, ఎక్కువగా ఒకే దిక్కుకు. డిప్, అంటే మరకలు పోవడానికి నాణేన్ని ముంచే ఆమ్ల ద్రావణం, అలా గీతలు పెట్టదు, కానీ ప్రతిసారీ పైపొర కొంత కరుగుతుంది. నాలుగైదు సార్లు ముంచితే ఆ పారిన గీతలు పోయి, నాణెం సుద్దలా తెల్లబడుతుంది.

దీని మీద రెండూ ఉన్నాయి. టంకం తీయడానికి వేడి చేస్తే పైన ఉన్న రాగి నల్లబడుతుంది. పులుపులో ముంచితే ఆ రాగి పోయి వెండి ఒక్కటే మిగిలి, మెరుపు లేని తెల్లటి గరుకు వస్తుంది. పై అంచు చుట్టూ సరిగ్గా అదే కనిపిస్తోంది, రంగు కింద.

రంగు గురించి అందరూ అడుగుతారు, కాబట్టి కొంచెం వివరంగా. వెండి మీద గంధకం పొర మందమయ్యే కొద్దీ రంగు లేత తేనె నుంచి ఎరుపు ఊదాకు, అక్కడి నుంచి నీలానికి మారుతుంది. సహజంగా వచ్చినదాంట్లో ఈ మెట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అక్షరాల మొదళ్ళ దగ్గర రంగు వెనక్కి తగ్గుతుంది. గంధకం పొగ పెట్టినదాంట్లో తేనె రంగు మెట్టే లేకుండా ఊదా, నీలం మొదలవుతాయి, అక్షరాల మీదుగా మరకలా పాకిపోతాయి. ఇప్పుడు గీతల లోపల చూడండి. గీత లోపల వెండి తెల్లగా మెరిస్తే రంగు ముందు, గీత తర్వాత. గీత లోపల కూడా అదే నీలం ఉంటే ముందు తోమారు, తర్వాత రంగు వచ్చింది. ఇదొక్కటే మోసానికి రుజువు కాదు. యాభై ఏళ్ళ కిందట తోమిన నాణెం కూడా మళ్ళీ సహజంగానే రంగు తిరగొచ్చు. నా దగ్గర రుజువు అతని పాత ఫోటో. అసిటోన్‌లో ముంచి చూస్తామంటే లక్క, నూనె, ప్లాస్టిక్ జిగురు పోతాయి గానీ గంధకం పొర కదలదు. రంగు పోలేదు కాబట్టి అసలుదే అన్న వాదన నమ్మకండి.

ఇక గ్రేడ్. మీనార్ల గట్లు, ద్వారం కమాను మీద నున్నగా బూడిద రంగు తిరిగింది, అది అరుగుదల. ముద్ర బలహీనంగా పడితే కూడా అక్కడ చదునుగానే ఉంటుంది, కానీ ఆ చదును మీద మెరుపు ఉంటుంది. దీంట్లో లేదు. అరుగుదల ఒక్కటే లెక్కపెడితే వీఎఫ్, అంటే ఓ మోస్తరుగా అరిగిన నాణెం. కొక్కెం, తోమడం కలిపితే ఏ గ్రేడింగ్ కంపెనీ అయినా అంకె ఇవ్వకుండా "డీటెయిల్స్", అంటే పాడు చేసిన నాణెం, అని రాసి పంపేస్తుంది.

డబ్బు పంపేముందు అట్ట బయట నాణేన్ని పట్టుకుని ఒకే బల్బు కింద తిప్పిన వీడియో, అంచు చుట్టూ తిప్పిన వీడియో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. అమ్మేవాడి పాత పోస్టులు కూడా ఒకసారి వెనక్కి తిరగేయండి.

ఇది రాస్తుండగానే అతను ఇంకో చార్మినార్ రూపాయి పెట్టాడు. హిజ్రీ 1337. అట్టలోనే ఉంది. అదే ఊదా, అదే నీలం.