గోదాముగా మిగిలిన సినగోగ్, బస ఇచ్చే మఠం: ఎర్ఫుర్ట్‌లో ఏం చూడాలి, ఎలా చూడాలి

జర్మనీలోని ఎర్ఫుర్ట్‌కు సోమవారం మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు మ్యూజియాలకు సెలవు, ఆల్టె సినగోగ్ (యూదుల పాత ప్రార్థనా మందిరం) కూడా మూసే ఉంటుంది. అది చూడకపోతే ఈ ఊరికి వచ్చిన పని సగం కానట్టే. శనివారం యూదుల విశ్రాంతి దినం కదా అన్న అనుమానం అక్కర్లేదు. అక్కడిప్పుడు ప్రార్థనలు జరగవు, నడిపేది నగరపాలక సంస్థ.

బెర్లిన్ నుంచి ఐసీఈ అనే వేగపు రైల్లో రెండు గంటల లోపే చేరొచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాసు) ఐసీఈలో చెల్లదు గనుక దాన్ని నమ్ముకున్న విద్యార్థులు రీజనల్ రైళ్లు మారుతూ రావాలి, సమయం బాగా పెరుగుతుంది. స్టేషన్ దగ్గర 3 లేదా 6 నంబరు ట్రామ్ ఎక్కి ఫిష్‌మార్క్ట్‌లో దిగితే మిగతాదంతా నడకే. సినగోగ్ వాగెగాస్సె అనే సన్నటి సందులో, ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. తల ఎత్తి చూడకపోతే దాటిపోతారు.

అందులో అతి పాత భాగం 1094 ప్రాంతానిది. కలపలోని వలయాలను లెక్కగట్టి తేల్చిన కాలం అది. పడమటి గోడ, దానిలోని గుండ్రటి కిటికీ 1270 నాటివి. 1349 మార్చిలో ఊళ్లోని యూదులను ఊచకోత కోశాక భవనం ఒక వర్తకుడి చేతికి పోయింది. కింద కమానుల నేలమాళిగ కట్టారు, బండ్లు రావడానికి గోడ కొట్టి ద్వారం పెట్టారు, పైన చెక్క అంతస్తులు వేశారు. అలా కొన్ని వందల ఏళ్లు గోదాముగా నడిచింది. 19వ శతాబ్దంలో హోటలు పెట్టి, పైన డ్యాన్సు హాలు నడిపారు. అసలిది సినగోగన్న సంగతే జనం మరిచిపోయారు. నాజీల కాలంలో కూలకుండా మిగిలిందీ అందువల్లే.

బల్లలు, పవిత్ర గ్రంథం తోరాను ఉంచే పెట్టె, దీపాలు ఉంటాయనుకుని వెళ్తే నిరాశ తప్పదు, ఉన్నవి బోడి గోడలు. వాటినే నిదానంగా చూడాలి. కింది హాల్లో గోడ మీద దీపాలు వరసగా పెట్టుకునే రాతి అంచు ముక్కలు కనిపిస్తాయి. పైకెళ్తే డ్యాన్సు హాలు రంగులు, గ్యాలరీ అలాగే ఉన్నాయి. వాటిని చెరిపేసి మధ్యయుగపు రూపం తెచ్చిపెట్టే పని చేయలేదు, మంచి పని చేశారు. పై అంతస్తులో ఎర్ఫుర్ట్ హీబ్రూ రాతప్రతుల గురించి ప్రదర్శన ఉంది, అసలు ప్రతులు బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉన్నాయి.

నేలమాళిగలో ఉన్నది 1998లో పక్క వీధి తవ్వకాల్లో దొరికిన నిధి: 3,141 వెండి నాణేలు, 14 వెండి కడ్డీలు, ఏడు వందలకు పైగా ఆభరణాలు. చిన్న ఇల్లు ఆకారంలో ఉన్న బంగారు పెళ్లి ఉంగరం దగ్గరే అందరూ ఆగుతారు. గ్రూపులు నేరుగా కిందికే దిగుతాయి కాబట్టి ముందు పైన చూసుకుని వస్తే తోపులాట తగ్గుతుంది. మొత్తానికి గంటన్నర కేటాయించండి.

క్రేమర్‌బ్రుక్కె వంతెన పక్కనే 13వ శతాబ్దపు మిక్వే, అంటే శుద్ధిస్నానపు గుండం, 2007లో బయటపడింది. పైనున్న అద్దంలోంచి ఎప్పుడైనా తొంగి చూడొచ్చు. లోపలికి దిగాలంటే గైడెడ్ టూర్ బుక్ చేసుకోవాలి. ఎండ వేళ అద్దంలో మన ముఖమే కనిపిస్తుంది, ఉదయమో సాయంత్రమో నయం. 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది ఆల్టె సినగోగ్‌కూ, ఈ మిక్వేకూ, స్టైనర్నెస్ హౌస్ అనే రాతి ఇంటికీ కలిపి.

1840లో కట్టిన క్లైనె (చిన్న) సినగోగ్ ఆ తర్వాత గోదామై, నివాస గృహాలై, ఇప్పుడు సభలూ సమావేశాల కేంద్రంగా ఉంది. అరగంట చాలు. ఇప్పుడు ప్రార్థనలు జరిగేది 1952లో కట్టిన నోయె (కొత్త) సినగోగ్‌లో. 1938లో తగలబెట్టిన పెద్ద సినగోగ్ స్థలం అది. తూర్పు జర్మనీ వేరే దేశంగా ఉన్న రోజుల్లో అక్కడ కొత్తగా కట్టిన సినగోగ్ ఇదొక్కటే. ముందే అనుమతి తీసుకోకుండా వెళ్లి తలుపు తట్టొద్దు. మగవాళ్లు తల కప్పుకోవాలి.

చర్చిల్లో నా ఓటు బార్‌ఫ్యూసర్‌కిర్షెకు. 1944 బాంబుదాడిలో పైకప్పు పోయిన హాలును అలాగే వదిలేశారు, వేసవిలో అక్కడ నాటకాలు ఆడతారు. అల్లర్‌హైలిగెన్‌కిర్షెలో 2007 నుంచి అస్థికల కలశాలు పెడుతున్నారు. అయినవాళ్లను తలుచుకోవడానికి వచ్చేవాళ్లుంటారు కాబట్టి కెమెరా సంచిలోనే ఉంచండి. పెద్ద చర్చి డోమ్‌లో ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి, మధ్యాహ్నం దాటాక వెళ్లండి. వేసవి సంగీతోత్సవం రోజుల్లో దాని ముందున్న 70 మెట్ల మీద వేదిక కడతారు. చర్చి ముందు ఫొటో మీద ఆశ వదులుకోవలసిందే.

బసకు ఔగుస్టినర్‌క్లోస్టర్. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1505లో సన్యాసిగా చేరిన మఠం ఇదే. ఇప్పుడు ప్రొటెస్టెంట్ చర్చి అతిథి గృహంగా, సమావేశాల కేంద్రంగా నడుపుతోంది. గదులు శుభ్రం, సాదా. టీవీ ఉండదు. పిల్లలతో సందడిగా గడపాలనుకునేవాళ్లకు, పొద్దుపోయి గదికి చేరేవాళ్లకు స్టేషన్ దగ్గరి హోటళ్లే సుఖం. సమావేశాలున్న వారం గదులు దొరకవు, ముందే రాసి అడగాలి. ఆలస్యంగా దిగేవాళ్లు తాళం ఎక్కడ తీసుకోవాలో కూడా అప్పుడే కనుక్కోండి. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, రాత్రి తిండికి కావలసినవి స్టేషన్లోనే కొనుక్కుని రావాలి.