చెన్నై, మణిపాల్, భీమవరం: అమ్మాయి బీడీఎస్ కోసం చూసొచ్చిన కాలేజీలు

బీడీఎస్, అంటే పళ్ల డాక్టరు కోర్సుకి అమ్మాయిని ఎక్కడ చేర్చాలన్నదాని మీద, నీట్ ర్యాంకు వచ్చాక మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. లోను తీసుకునైనా సరే, పేరున్న కాలేజీలోనే వెయ్యాలని మా ఆయన, మా మరిది ఒకవైపు. ఊరికి దగ్గరగా ఉంటే చాలని అమ్మాయి ఒకవైపు. ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చేంత ర్యాంకు కాదు. కన్వీనర్ కోటాలో ఇక్కడి ప్రైవేటు కాలేజీలో వస్తుంది, ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటుంది. సవీత, మణిపాల్ లాంటి డీమ్డ్ యూనివర్సిటీ అయితే లక్షల్లో. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. ఇది వెబ్‌సైట్లు చూసి తేల్చుకునే వ్యవహారం కాదనిపించి, అమ్మాయిని వెంటబెట్టుకుని ఏలూరులో చెన్నై రైలెక్కాను.

నా ఎడమ దవడ పన్నుకు పెట్టిన సిమెంటు ఊడిపోయి చాలా కాలమైంది. వెళ్లిన ప్రతిచోటా ఓపీ చీటీ రాయించుకుని ఆ పన్నే చూపించాను. లైబ్రరీ, ఆడిటోరియం ఎవరు వెళ్లినా చూపిస్తారు. ఆ కుర్చీలో పడుకుంటేనే, పిల్లలు ఎలా పని నేర్చుకుంటున్నారో, వాళ్ల వెనక ఎవరు నిలబడుతున్నారో తెలుస్తుంది.

ఎగ్మోర్‌లో దిగి మెట్రోలో కోయంబేడు, అక్కణ్ణుంచి పూందమల్లి రోడ్డు బస్సులో వేలప్పన్‌చావడి వెళ్లాం. సవీత డెంటల్ కాలేజీ అక్కడుంది. 1988లో పెట్టారు. చాలా పెద్ద ఓపీ. చీటీ, ఎక్స్‌రే అన్నీ చకచకా అయిపోయాయి. నన్ను చూసిన కుర్రాడు "వలిక్కుదా?" (నొప్పిగా ఉందా) అని అరవంలో అడిగి, నా మొహం చూసి ఇంగ్లీషులోకి మారాడు. మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడాడు. పన్ను పని మొదలుపెట్టాలంటే మళ్లీ రావాలన్నారు, మాకు అంత టైము లేదు. బస సంగతి మాత్రం చెప్పి తీరాలి. కోయంబేడు దగ్గర ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న లాడ్జిలో ఫొటోలో ఉన్న గది ఒకటి, చేతికి ఇచ్చిన తాళం ఇంకోటి. పొద్దున్నే వచ్చామని అదనంగా డబ్బులు గుంజారు, గీజరు పనిచెయ్యలేదు. ఒక్కరోజు పనికి అంత దూరం పోనక్కర్లేదు, ఎగ్మోర్ స్టేషను చుట్టుపక్కలే గది తీసుకోండి.

రాత్రి సెంట్రల్‌లో మంగళూరు మెయిల్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి మంగళూరు. స్టేట్‌బ్యాంక్ బస్టాండులో ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ బస్సులు వరసగా ఉంటాయి, మణిపాల్ రెండు గంటల లోపే. ఒకటే వాన. గది ఉడుపిలో, కృష్ణ మఠం దగ్గర తీసుకున్నాం. శుభ్రమైన గది, వేణ్ణీళ్లు, కింద హోటల్లో భోజనం. అక్కణ్ణుంచి మణిపాల్ టైగర్ సర్కిల్‌కి సిటీ బస్సులు వస్తూనే ఉంటాయి. పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులకు మణిపాల్ హోటళ్ల కంటే ఉడుపి బసే హాయి.

మణిపాల్ డెంటల్ కాలేజీ 1965 నాటిది. కస్తూర్బా ఆస్పత్రి పక్కనే ఉంది. అక్కడ నన్ను చూసిన అమ్మాయిది నెల్లూరు. సుగరుందా, ఏ మందుకైనా పడదా, పక్క పళ్లలో జిల్లుమంటుందా అని వివరంగా అడిగి రాసుకుంది. తర్వాత సారు వచ్చారు. ఆ కాగితం మొత్తం చదివి, నా నోరు తనూ చూసి, "ఇక్కడ నొక్కి చూశావా?" అని అడిగారు. ఆ పిల్ల మళ్లీ నొక్కి చూశాక గానీ సంతకం పెట్టలేదు. చదువు చెప్పడమంటే అదీ. మా అమ్మాయి మొహం కూడా విప్పారింది. ఊరు నచ్చింది, వాన నచ్చింది, అనాటమీ మ్యూజియం అయితే వదిలి రానంది.

సాయంత్రం క్యాంటీన్లో ఆ నెల్లూరు అమ్మాయే దాపరికం లేకుండా చెప్పింది. "మొదటి రెండేళ్లూ ల్యాబులే ఆంటీ, ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడు క్లినిక్‌లోకి దిగాక తెలిసింది. కన్నడం ఎలాగో నేర్చుకున్నా. తుళు మాత్రమే వచ్చిన ముసలమ్మ వస్తే ఇప్పటికీ సిస్టర్‌ని బతిమాలుకోవాలి." ఆమె గలగలా మాట్లాడే మనిషి, నెగ్గుకొచ్చింది. మా అమ్మాయి కొత్తవాళ్లతో నోరు విప్పడానికే వారం పడుతుంది. ఫైనలియర్‌లో ఎనిమిది సబ్జెక్టులు, దాదాపు అన్నింట్లోనూ పేషెంటుతోనే పని. రాని భాషలో, లక్షల లోను నెత్తిన పెట్టుకుని, ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయో అన్న దిగులు నాకు అక్కడే పట్టుకుంది.

మా మరిది ఫోన్లో ఎన్ఐఆర్ఎఫ్, అంటే కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ర్యాంకుల జాబితాలు పంపుతూనే ఉన్నాడు. 2020లో ఢిల్లీ మౌలానా ఆజాద్ మొదటిది, 2021లో మణిపాల్, 2022లో సవీత. ఏడాది తిరిగేసరికి ఏ కాలేజీ క్లినిక్కూ అంతగా మారిపోదు. ఆ లెక్కలో పరిశోధనకు మార్కులున్నాయి, బయటివాళ్ల అభిప్రాయానికీ ఉన్నాయి. ఒక్కో విద్యార్థి చేతికి పన్ను తీసే కేసులు ఎన్ని వస్తాయన్నదానికి లేవు. తర్వాత పీజీ చెయ్యాలన్నా ముఖ్యంగా నీట్ ఎండీఎస్ ర్యాంకును బట్టే సీటు, కాలేజీ పేరుకు మార్కులుండవు. అమెరికా వెళ్లినా ఐఎన్‌బీడీఈ అనే అక్కడి డెంటల్ పరీక్ష రాసి, మామూలుగా అక్కడి డెంటల్ స్కూల్లో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. మణిపాల్ పిల్లలకైనా అంతే. మా మరిదికి ఈ మాటే చెప్పాను.

దగ్గరగా ఉంటే చాలన్న మాటా నిలబడలేదు. తిరిగొచ్చాక ఇక్కడ చూసిన ఒక కాలేజీలో, పేరు వద్దు, పదింటికి కూడా కుర్చీలు సగం ఖాళీ. కట్టుడు పళ్ల కేసు కావాలంటే పేషెంటును పిల్లలే వెతుక్కుని, ఆటో డబ్బులిచ్చి తెచ్చుకోవాలని ఒక ఇంటర్న్ చెప్పాడు. పరీక్ష రోజుకి పేషెంటు రాకపోతే ఏడుపే. అలాంటి చోట వెయ్యడం కంటే లోను తీసుకుని మణిపాల్ పంపడమే నయం.

కొలతకి ఉంటుందని విజయవాడ ప్రభుత్వ కాలేజీ ఓపీ కూడా ఒక పూట చూశాం. పొద్దున్నే క్యూ, ప్రతి కుర్చీ దగ్గరా మనిషి. తక్కిన కాలేజీలను దాంతోనే పోల్చుకోవాలి.

ఆఖరున భీమవరం. విష్ణు డెంటల్ కాలేజీ 2002లో పెట్టారు. ఆడపిల్లల ఇంజనీరింగ్ కాలేజీ కూడా అదే ఆవరణలో ఉంది, కాబట్టి హాస్టలు గురించి భయపడలేదు. ఏలూరు నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, బస అక్కర్లేదు. నా పన్నుకి సిమెంటు అక్కడే పడింది. చేసిన అమ్మాయి కాస్త నిదానం, కానీ మేడమ్ రెండుసార్లు వచ్చి చూశారు.

పక్క కుర్చీలో, ఉండి అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన. పన్ను తీయించుకోవాలి. "తాతా, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది పిల్ల. "చెరువు దగ్గర మర్చిపోయానమ్మా, నిన్న కూడా వేసుకోలేదు." బీపీ చూసింది, ఎక్కువుంది. "ఇవాళ తియ్యకూడదు తాతా." ఆయనకి కోపం వచ్చింది. ఆటోకి పెట్టుకుని వచ్చానన్నాడు, రాత్రంతా నిద్ర లేదన్నాడు. ఆ పిల్ల కంగారు పడలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, ఇప్పుడు తీస్తే నెత్తురు ఆగదని, మాత్రలు సరిగ్గా వేసుకుని వస్తే తప్పకుండా తీస్తామని నిదానంగా చెప్పింది. మేడమ్ నొప్పికి మందు రాశారు. పెద్దాయన గొణుక్కుంటూనే చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో మా అమ్మాయి మాట్లాడిందంతా ఆ తాతగారి గురించే. మణిపాల్ మ్యూజియం ఊసు రాలేదు. "ఆ మాటలు నేనూ చెప్పగలనమ్మా" అంది.

డీమ్డ్ సీట్లకి జరిగే కేంద్ర కౌన్సెలింగ్ ఎంసీసీలో మణిపాల్ ఆప్షను పెట్టలేదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఆశ చావక విజయవాడ ప్రభుత్వ కాలేజీ ముందు, దాని కిందే భీమవరం పెట్టించాం. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు, తర్వాత ఆయనే హాస్టలు ఫీజు కనుక్కున్నారు. కలుపుగోలు పిల్ల అయి, డబ్బుకి ఇబ్బంది లేకపోతే మణిపాల్ వద్దని మాత్రం ఎవరికీ చెప్పను.

చూడ్డానికి వెళ్లేవాళ్లు సెలవు రోజుల్లో వెళ్లకండి. మామూలు రోజు పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఓపీ దగ్గరుండండి. కట్టుడు పళ్ల పేషెంట్లను ఎవరు తెస్తారో, ఒక కుర్చీని ఎంతమంది పంచుకుంటారో ఆఫీసులో కాదు, ఇంటర్నులను అడగండి. పదకొండింటికి టీ తాగడానికి క్యాంటీన్‌కి వస్తారు, అడిగితే అన్నీ చెప్తారు.