పీఎంపీ పరీక్షలో చూపు తక్కువున్నవాళ్లకి ఇచ్చే సౌకర్యాలు: నా రివ్యూ

నాకు చూపు తక్కువ. అక్షరం పెద్దది చేసుకుంటే చదవగలను కానీ నిదానంగా చదువుతాను. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్ష) నేను రాసినప్పుడు 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, అందులో చాలా ప్రశ్నలు పేరా అంత పొడుగు. అదనపు టైమ్ లేకపోతే సబ్జెక్ట్ ఎంత వచ్చినా నాలాంటివాళ్లు చివరిదాకా చదవనైనా చదవలేరు.

ఈ పరీక్ష పెట్టే సంస్థ పీఎంఐ వైపు నుంచి నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఫీజు కట్టేటప్పుడే సౌకర్యాలు కావాలని అడగొచ్చు, దానికి అదనంగా డబ్బు తీసుకోరు. సగం టైమ్ ఎక్కువ (అంటే 345 నిమిషాలు), వేరే గది, పెద్ద అక్షరాలు, నా భూతద్దం అన్నిటికీ ఒప్పుకున్నారు. కాకపోతే అనుమతి చేతికొచ్చాకే స్లాట్ బుక్ చేసుకోవాలి. ఇంకో సంగతి, మన దగ్గర సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో రాసి వదిలేస్తారు, ఆ శాతాన్ని బట్టి ఎదుటివాళ్లకి ఏం అర్థమవుతుంది? స్క్రీన్ మీద చదవడానికి ఎందుకు ఎక్కువసేపు పడుతుందో, ఏ సైజు అక్షరం కావాలో డాక్టర్ చేత విడిగా రాయించుకున్నాను. ఆ లెటరే నాకు బాగా పనికొచ్చింది.

సెంటర్‌లో మాత్రం చాలా బాధపడ్డాను. వేరే గది సంగతి అక్కడున్నవాళ్లకి తెలియనే తెలియదు. భూతద్దం లాకర్‌లో పెట్టమన్నారు, అందరితో పాటు హాల్లో కూర్చోమన్నారు, అనుమతి లెటర్ ప్రింట్ చూపించి, వాళ్లు ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాకే లోపలికి పంపారు. పరీక్ష మొదలవకముందే అంత టెన్షన్ ఎందుకు పెట్టాలి? అక్కడ పనిచేసే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, తప్పు ఆమెది కాదు, ఆమెకి ముందుగా చెప్పనివాళ్లది. వచ్చే అభ్యర్థుల లిస్ట్ పొద్దున్నే ఒకసారి చూసుకుంటే పోయేదానికి ఇంత రభస.

మన ప్రభుత్వ పరీక్షలకైతే 2018 మార్గదర్శకాల్లోనే గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని చెప్పారు. 40 శాతం వైకల్యం లేకపోయినా అవసరమైతే స్క్రైబ్‌ని (మనం చెప్తుంటే జవాబులు రాసే మనిషిని) ఇవ్వాల్సిందేనని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు.

పీఎంపీ రాసేవాళ్లకి ఇంకో మాట. నేను రాసినప్పుడు 60వ ప్రశ్న తర్వాత, 120వ ప్రశ్న తర్వాత పదేసి నిమిషాల బ్రేక్ ఉండేది, బ్రేక్‌కి వెళ్తే వెనకటి ప్రశ్నలు మళ్లీ తెరుచుకునేవి కావు. మనకి తిరిగి చదవడానికే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకున్న ప్రశ్నలన్నీ బ్రేక్‌కి వెళ్లకముందే తేల్చేయాలి. కళ్లు త్వరగా అలిసిపోతాయనుకుంటే అదనపు బ్రేక్‌లు కూడా దరఖాస్తులోనే అడగండి. సిస్టమ్ ముందు కూర్చోగానే మొత్తం టైమ్ ఎంత చూపిస్తోందో, అక్షరం పెద్దదవుతోందో లేదో స్టార్ట్ నొక్కకముందే చూసుకోండి, తేడా ఉంటే అక్కడే ఆగి సరిచేయమని అడగండి.