కథలను పక్కపక్కన పెట్టి చదివించే తరగతి: విజయనగరంలోని ఒక శిక్షణపై సమీక్ష

విజయనగరం కోటకు సమీపంలోని ఒక శిక్షణ కేంద్రం ఆదివారాల్లో నిర్వహిస్తున్న కథాపఠన తరగతిని ఈ మధ్యే పూర్తిచేశాను. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు, డీఎస్సీకి సిద్ధమవుతున్నవారు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఒకే గదిలో కూర్చొని, రెండేసి కథలను పక్కపక్కన పెట్టుకొని, ఇతివృత్తం, పాత్రలు, దేశకాలాలు, సంఘర్షణ, దృష్టికోణం (కథ ఎవరి వైపు నుంచి నడుస్తుందన్నది), వస్తువు (కథ దేని గురించి అన్నది) అనే ఆరు గడుల పట్టికలో వాటి పోలికలనూ తేడాలనూ రాసి, ఆ పట్టిక ఆధారంగా మాట్లాడుకోవడం ఇక్కడి పద్ధతి. పట్టిక నింపించడం ఎవరైనా చేయగల పని. నింపిన ఆరు గడుల్లో ఈ కథ బరువును మోస్తున్నది ఏది అని అడగడమే బోధకుల పని. ఆ ప్రశ్న అడిగిన రోజున తరగతి ఎంతో బాగా నడిచింది, అడగని రోజున పరీక్షల గైడు వల్లె వేసినట్టు సాగింది.

బాగా నడిచిన రోజు గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’నూ చాసో (చాగంటి సోమయాజులు) ‘ఎందుకు పారేస్తాను, నాన్నా’నూ కలిపి చదివించారు. ఇద్దరూ విజయనగరంతో ముడిపడినవారే కాబట్టి ఈ జంటను మర్యాద కోసం ఎంచుకున్నారేమోనని మొదట అనుమానించాను, కానీ బోధకురాలు పట్టికను కాసేపు పక్కన పెట్టించి, ఈ కథలో ఎవరికి ఏమి తెలుసు, అది పాఠకుడికి ఎప్పుడు తెలుస్తుంది అన్న ఒక్క ప్రశ్నతో గంటకు పైగా చర్చ నడిపించారు. ‘దిద్దుబాటు’ ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన భర్త తలుపు తీయమని పిలవడంతో మొదలవుతుంది. అక్కడి నుంచి చివరి వరకు మనం గోపాలరావు వెంటే ఉంటాం. అతనికి తెలిసినంతే మనకూ తెలుస్తుంది. భార్య కమలిని రాసిపెట్టిన ఉత్తరాన్ని అతను చదివినప్పుడే మనమూ చదువుతాం, ఆమె మంచం కింద ఉన్నదన్న సంగతి అతనితోపాటే చివర్లో గ్రహిస్తాం. ఇదే కథను కమలిని వైపు నుంచి చెప్పి ఉంటే భర్త పశ్చాత్తాపాన్ని మంచం కింద నుంచి వింటూ నవ్వు ఆపుకొంటున్న ఇల్లాలి వినోదం మిగిలేదేమో గాని, పాఠకుడికి దిద్దుబాటు జరిగేది కాదు. కథ చదువుతున్నంతసేపూ మనమూ గోపాలరావు పక్షాన నిలబడి ఉన్నామన్న ఇబ్బంది ఆ చివరి నవ్వుతోనే కలుగుతుంది.

చాసో కథలో ఆ దాపరికం ఏమీ లేదు. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన కుర్రవాడిని తండ్రి చుట్టలు కొనుక్కురమ్మని పంపుతాడు. బడి కనబడేసరికి ఆ పిల్లవాడి మనసు ఏమవుతుందన్నదే కథంతా. సంఘర్షణ గడిలో చాలామంది ‘పేదరికం’ అని రాశారు. అది తప్పు కాదు గాని, పేదరికం కథకు కారణమే తప్ప సంఘర్షణ కాదని, తోటివారి కంట పడతానేమోనన్న సిగ్గుకూ బడి మీది ఆశకూ మధ్య ఆ పిల్లవాడి లోపల జరిగే లాగులాటే అసలు సంఘర్షణ అని బోధకురాలు వివరించినప్పుడు, రెండు కథల తేడా ఒక్కసారిగా స్పష్టమైంది. ఒకదానిలో దృష్టికోణం సమాచారాన్ని దాచిపెట్టి కథను నడిపిస్తుంటే, రెండవదానిలో అదే దృష్టికోణం దాపరికం లేకుండా నొప్పిని చూపించి నడిపిస్తుంది. రెండూ ఒక మగవాడి వెంటే నడుస్తాయి, రెండూ కొద్దిసేపట్లో జరిగిపోతాయి. అయినా ఒకటి మనల్ని నవ్విస్తుంది, మరొకటి గొంతు పట్టుకుంటుంది. తండ్రి కోణం నుంచి చెప్పి ఉంటే ఈ రెండవది అప్పుల కథ అయిపోయేది. చేరిన రుసుముకు ఈ ఒక్క ఆదివారమే సరిపోయిందని చెప్పగలను.

‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన తొలి ఆధునిక తెలుగు కథ అని తరగతి పుస్తకంలో ఒక వాక్యంలో తేల్చేశారు. భండారు అచ్చమాంబ 1902లోనే రాసిన ‘ధనత్రయోదశి’ ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటు. ఎవరు ముందు అన్న వాదం కోసం కాదు, ఈ తరగతి చేసే పనికి అంతకంటే తగిన జంట దొరకడం కష్టం కాబట్టి. రెండింటిలోనూ దారి తప్పిన భర్తను భార్యే సరిదిద్దుతుంది. అచ్చమాంబ కథలో ఆమె ఎదురుగా నిలిచి, హితం చెప్పి, తప్పుగా వచ్చిన సొమ్మును తిప్పి ఇప్పిస్తుంది. గురజాడ కథలో ఆమె నోరు విప్పదు. ఉత్తరం, గైర్హాజరు ఆ పని చేస్తాయి. వస్తువు గడిలో దాదాపు ఒకే మాట రాయవలసిన ఈ రెండు కథలు పాత్రల గడి దగ్గరికి వచ్చేసరికి ఎంత దూరం జరుగుతాయో విద్యార్థులకు చూపించి ఉండవలసింది.

తరగతి పూర్తిగా విఫలమైంది ‘యజ్ఞం’ దగ్గర. కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) 1964లో రాసిన ఈ కథ పెద్దది కాబట్టి, పుస్తకంలో దానిని మూడు పేజీలకు కుదించి ఇచ్చారు. కథాంశాలను పోల్చడం నేర్పుతామంటూ కథను కుదించి ఇవ్వడం కంటే అన్యాయం ఉండదు. సంక్షిప్తంలో మిగిలేది ఇతివృత్తం ఒక్కటే. అప్పల్రాముడి అప్పు తగవు పంచాయతీకి రావడం, తీర్పు, చివర అతని కొడుకు సీతారాముడు తన కన్నకొడుకునే చంపడం అనే మూడు సంఘటనలు. ఆ చివరి ఘట్టం మీద దశాబ్దాలుగా వాదాలు నడుస్తూనే ఉన్నాయి. సంక్షిప్తం చదివినవారికి అది ఒక ఉన్మాది చేసిన పనిగానే కనిపించింది, మా తరగతిలోనూ చాలామంది అలాగే మాట్లాడారు. దేశకాలాల గడిలో ‘ఉత్తరాంధ్ర పల్లెటూరు’ అని రాసి ముందుకు పోయారు. నిజానికి ఈ కథలో సుందరపాలెం అనే ఊరు వట్టి నేపథ్యం కాదు, రచయిత వాదన అంతా ఆ ఊరే. ఊరి పెద్ద శ్రీరాములు నాయుడి పూనికతో ఊరు ఏళ్ల తరబడి బాగుపడుతూ వచ్చిన కాలంలోనే, అదే ఊళ్ళో కష్టపడి బతికే కుటుంబం అప్పులో కూరుకుపోవడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నను రచయిత ఊరి చరిత్ర అంతా ఓపికగా చెప్పి మన ముందు పెడతారు. ఆ నిదానాన్ని తీసేస్తే ముగింపుకు పునాది పోతుంది. చాసో ఒక చిన్న సంఘటనలో సాధించినదాన్ని కారా మాస్టారు ఊరంతటినీ పంచాయతీలో కూర్చోబెట్టి సాధించడానికి కారణం ఏమిటన్నదే ఆ రోజు జరగవలసిన చర్చ. అది జరగలేదు.

మరొక లోపం మన ప్రాంతంలో నడిచే తరగతికి అసలు తగనిది: పట్టికలో భాషకు గడి లేదు. గిడుగు రామమూర్తి, గురజాడల వాడుకభాషా పోరాటం పుట్టి పెరిగిన నేల మీద, ‘దిద్దుబాటు’లో గోపాలరావు మాటకూ నౌకరు రాముడి మాటకూ మధ్య ఉన్న ఎడాన్ని గమనించకుండా పాత్రచిత్రణ గురించి ఎలా మాట్లాడగలం? ఒక ఆదివారం శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన యువకుడు ‘యజ్ఞం’ అసలు ప్రతి తెచ్చి, అప్పల్రాముడి మాటలను తన ఇంటి యాసలోనే పైకి చదివాడు. అంతవరకూ ‘బాధితుడు’ అని ఒక్క మాటతో పట్టికలో కూర్చున్న ఆ పాత్ర, తన లెక్కా తన న్యాయమూ తనకున్న మనిషిగా వినబడింది. ఆ చదువు పది నిమిషాలు కూడా సాగకుండానే సమయం అయిపోయిందని ఆపించారు.

సౌకర్యాల విషయంలో చెప్పవలసింది తక్కువ. గది గాలి వెలుతురు ఉన్నదే, రుసుము సామాన్యులు భరించగలిగినదే, జెరాక్సు ప్రతులు మాత్రం కొన్ని పేజీల్లో చదవలేనంత మసకగా ఉన్నాయి. పరీక్షల కోసం వచ్చేవారికి పట్టిక పద్ధతి వెంటనే ఉపయోగపడుతుంది. కథలు రాయాలన్న కోరికతో వచ్చేవారికి దృష్టికోణం గురించిన పాఠం తప్ప మిగిలినది పలుచగా అనిపిస్తుంది.

చేరదలచినవారు ‘యజ్ఞం’ పూర్తి పాఠాన్ని సొంతంగా సంపాదించుకొని, తరగతికి ముందే ఒకసారి ఆసాంతం చదివి రావడం మంచిది. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథల కోసమే ఉన్నది కాబట్టి, విజయనగరం నుంచి రైల్లో గాని బస్సులో గాని ఒక పూట వెళ్ళి, అచ్చమాంబ కథను, చాసో కథలను కూడా అక్కడ అడిగి చదువుకోవచ్చు. నిర్వాహకులు వచ్చే విడతకైనా ఆ మూడు పేజీల సంక్షిప్తాన్ని తీసేసి, ‘యజ్ఞం’ ఒక్కదానికే రెండు ఆదివారాలు కేటాయించి, పట్టికలో భాషకు ఏడవ గడి చేర్చితే నేను మళ్ళీ చేరడానికి సిద్ధంగా ఉన్నాను.