బయట లైట్లు: 44 చాలా, 65 కావాలా, సోలారా, వైరా?

మా గేటు స్తంభం మీద పెట్టిన లైటు మూడో వానకే పోయింది, డబ్బా మీద మాత్రం ఐపీ 65 (దుమ్మునీ నీళ్ళనీ ఎంత ఆపుద్దో చెప్పే నంబరు) అని ఇంతింత అక్షరాలు. స్టూలేసుకుని ఎక్కి గ్లాసు ఊడదీస్తే అడుగున అర చెంచాడు నీళ్ళు, అందులో తేలుతున్న చీమలు, వైరు బిగించే ఇత్తడి స్క్రూలకి పచ్చగా చిలుం. విచిత్రం ఏంటంటే గ్లాసు చుట్టూ ఉన్న రబ్బరు కొత్తదానిలా ఉంది, నీళ్ళు అక్కణ్ణుంచి రాలేదు. వైరు పైనుంచి దించారు, వాన నీళ్ళు ఆ వైరు పట్టుకుని నేరుగా లోపలికి దిగాయి. అప్పట్నుంచి నేను లైటు కొనేముందు చూసేది ఒకటే, ఆ చోట నీళ్ళు ఎటు నుంచి వస్తాయి అని. నంబరు సంగతి ఆ తర్వాతే.

నంబరు అర్థం కాకపోతే ఎలాగూ కుదరదు కాబట్టి అది కూడా చెప్పేస్తా. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. 44 అంటే 1 మిల్లీమీటరు కంటే లావుగా ఉన్నదేదీ లోపలికి పోదు, ఎటు నుంచి నీళ్ళు చిమ్మినా తట్టుకుంటది. 65 అంటే దుమ్ము అస్సలు పోదు, నిమిషానికి 12.5 లీటర్ల ధార కొట్టి పరీక్ష చేస్తారు. 66కి అదే ధార నిమిషానికి 100 లీటర్లు. 67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా పర్లేదని. ఇవన్నీ కొత్త పీసు మీద చేసే పరీక్షలు, రెండేళ్ళు ఎండకి మాడి గట్టిపడిపోయిన రబ్బరు గురించి ఆ నంబరు ఏమీ చెప్పదు, తుప్పు గురించీ చెప్పదు.

ముందు పోర్టికో, వరండా లాంటి కప్పున్న చోట్లు. ఇక్కడ 44 చాలు, నా ఓటు దానికే. అందరూ ఎందుకైనా మంచిదని 65 కొనేస్తారు, తప్పేం లేదు గానీ దానివల్ల పెద్దగా ఒరిగేదీ లేదు, పైగా బాగా బిగుతుగా మూసిన డబ్బాలో బల్బు వేడి ఎటూ పోదు. ఎల్ఈడీ బల్బులో చాలాసార్లు ముందు పోయేది లోపలుండే డ్రైవరు, అంటే కరెంటుని ఎల్ఈడీకి సరిపడేలా మార్చే భాగం, అది పోయేది ఎక్కువగా వేడికే. మూసేసిన ఫిట్టింగులో పెట్టొచ్చు అని బల్బు డబ్బా మీద రాసుంటేనే అందులో పెట్టండి. కప్పు కిందైతే బల్బు మార్చుకునే రకమే మేలు, బల్బు పోతే బల్బు మారుస్తాం, బల్బు లోపలే కలిసున్న రకమైతే లైటు మొత్తం పీకి పారెయ్యాలి.

పైన ఏ అడ్డూ లేని గోడ, గేటు స్తంభాలు, డాబా మీద, ఇక్కడ మాత్రం 65కి తగ్గొద్దు. కానీ కొన్నంత శ్రద్ధ బిగించడంలో కూడా పెట్టాలి. వైరు కింద నుంచి ఎక్కాలి, పైనుంచి రావడం తప్పకపోతే లైటు దగ్గరికొచ్చేముందు ఆ వైరు కిందకి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకెక్కాలి, అప్పుడు నీళ్ళు వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతాయి. వైరు దూరే చోట గ్లాండు (వైరు చుట్టూ బిగుసుకుని నీళ్ళు ఆపే బిరడా) బిగించాలి, వైరు మందానికి సరిపడే సైజుది. గోడకీ లైటుకీ మధ్య సందులో సీలెంట్ (సందు మూసే జిగురు) పెట్టేటప్పుడు పైన, రెండు పక్కలా పెట్టి కింద వదిలేయండి, ఎలాగోలా లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి పోవడానికి దారుండాలి కదా. నాలుగు వైపులా పూసేసి గట్టి పని చేశాం అనుకుంటారు చాలామంది, అది నీళ్ళని లోపల దాచిపెట్టడం. ఇంకో సంగతి, లైటు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి కొంత బయటికి పోద్ది, ఆర్పేశాక చల్లబడి బయటి తేమగాలిని లోపలికి పీల్చుకుంటది, పొద్దున్నే గ్లాసు లోపల ఆవిరి కనబడేది అందుకే. కాసేపట్లో ఆరిపోతే ఫర్లేదు, బొట్లు కట్టి కిందకి జారుతుంటే మాత్రం విప్పి చూడాల్సిందే.

సముద్రం దగ్గర ఇల్లైతే లోహం సంగతి కూడా చూస్కోండి. మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే 316 రకం ఉప్పుగాలిని బాగా తట్టుకుంటది. పౌడర్ కోటింగు అల్యూమినియం చూడ్డానికి బావుంటది గానీ ఎక్కడ గీత పడితే అక్కణ్ణుంచి పొక్కులు లేస్తాయి. ప్లాస్టిక్ అని చులకనగా చూడకండి, అది తుప్పు పట్టదు, కాకపోతే ఎండకి పసుపెక్కని రకం అవ్వాలి.

నేలలో పాతే లైట్లకి 67. ఇక్కడే చాలామంది పప్పులో కాలేసేది, 67 అంటే 66 కంటే పెద్దది కాబట్టి అన్నీ తట్టుకుంటది అనుకుంటారు. 67 ముంచే పరీక్ష, ధార కొట్టే పరీక్ష వేరే. మీరు రోజూ పైపుతో నేల కడిగేవాళ్ళైతే 66, 67 రెండూ రాసున్నది తీసుకోండి. లైటు కింద కాస్త లోతుగా తవ్వి కంకర పోయాలి, లేకపోతే ఆ గుంట చిన్న బావి అయిపోద్ది, లైటు అరగంట కాదు వారం రోజులు నీళ్ళలోనే ఉంటది, ఆ పరీక్ష అది ఎప్పుడూ రాయలేదు. 68 నీటికుంటలకే, అదీ ఎంత లోతు అనేది తయారీదారు రాసినదాన్ని బట్టి.

ఇక సోలారా వైరా. నేను రెండూ వాడా, రెండిటినీ తిట్టుకున్నా. సోలార్‌ది సుఖం, తవ్వడం లేదు, వైరు లేదు, గుచ్చితే అయిపోయింది. కానీ ఎండ పడే చోటు వేరు వెలుగు కావాల్సిన చోటు వేరు, చెట్టు కింద చీకటిగా ఉందని అక్కడ పెడితే దానికి పగలు ఎండెక్కడిది? ముసురు పట్టిన రోజుల్లో, సరిగ్గా మనకి లైటు అవసరమైనప్పుడే, రెండు గంటలు వెలిగి నిద్రపోద్ది. వీధిలైటు పక్కన పెడితే ఇంకా పగలే అనుకుని అసలు వెలగదు. బ్యాటరీ రెండు మూడేళ్ళకి నీరసిస్తది, అది మార్చుకునేలా మూత విప్పే స్క్రూలు ఉన్నాయో లేదో కొనేముందే చూడండి. తోట చివర్న, కంచె వారన, ఊరికే అందానికి, అక్కడ సోలారే మేలు. మెట్ల దగ్గర మాత్రం సోలార్ వద్దు, వెలగని రోజు ఎవరో ఒకరు పడతారు.

వైరులోనూ మళ్ళీ రెండు రకాలు, మెయిన్ కరెంటు, 12 వోల్టులు. తోటలో నేనైతే 12 వోల్టులే అంటా, పార తగిలి వైరు తెగినా ప్రాణం మీదకి రాదు. దాని లోపం దూరం. 60 వాట్ల లైట్లకి 12 వోల్టుల్లో 5 ఆంపియర్లు లాగుద్ది, సన్న వైరు వేస్తే దార్లోనే వోల్టేజీ పడిపోయి చివరి లైట్లు మినుకుమినుకుమంటాయి. లావు వైరు వెయ్యాలి, లేదా మెయిన్ కరెంటుని 12 వోల్టులకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌ని లైట్ల వరస మధ్యకి తేవాలి. నీటికుంటలోకైతే ఇంక ఆలోచనే లేదు, 12 వోల్టులే. మెయిన్ కరెంటు బయటికి తీస్తే ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్లకి ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉండి తీరాలి, అది ఎలక్ట్రీషియన్ పని, మనం వేలు పెట్టేది కాదు. అతుకులకి టేపు చుట్టి వదిలేస్తానంటే ఒప్పుకోకండి, జెల్ నింపిన కనెక్టరు అడగండి.

మనిషి కదలికని పసిగట్టి వెలిగే సెన్సర్ లైటు పెరటికి బావుంటది, రెండు రెండున్నర మీటర్ల ఎత్తులో, మనిషి దానికి అడ్డంగా నడిచేలా పెట్టాలి. ఎదురుగా నడిచొచ్చేవాణ్ణి అది చాలా ఆలస్యంగా పసిగడుతుంది, మరీ వేడి రాత్రుల్లో ఇంకా మొద్దుబారుతుంది. గేటుకి మాత్రం చీకటి పడగానే వెలిగి తెల్లారాక ఆరేదే మేలు, సెన్సర్ పెడితే వీధిన పోయే ప్రతి కుక్కకీ వెలుగుద్ది. వెలుగు రంగు 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య, అంటే పసుపు వెలుగుది, తీసుకోండి, తెల్లటి 6500 కింద కూర్చుంటే పురుగులు మన పళ్ళెంలోనే.

మా గేటుకి చివరికి ఏం చేశానంటే, మళ్ళీ అదే 65 లైటే తెచ్చా. స్తంభానికి కింద నుంచి కన్నం వేయించి వైరు మార్పించా. ఇది రెండో వానాకాలం, మొన్న విప్పి చూస్తే లోపల పొడిగా ఉంది, ఒక సాలెపురుగు మాత్రం కాపురం పెట్టింది, అది ఎటు నుంచి దూరిందో ఇంకా వెతుకుతున్నా.